నీళ్ళు తాగే మూల

లామెయ్ ఇంటి ఈశాన్యం మూల అంటే వేయ్ నదికి ఉత్తరాన మా పసుపుమట్టి మెరక మీద అందరికీ హడలే. చీకటి పడితే గొర్రెల కాపరి కూడా చుట్టు తిరిగి పోయేవాడు.

ఎందుకంటే — ఆ మూల నీళ్ళు తాగుతుంది!

కరువు ఏడు ఒక బాటసారి అక్కడే "గుక్కెడు నీళ్ళు..." అంటూ ప్రాణం వదిలాడట. చాలా ఏళ్ళకు లామెయ్ ఆ చోటే ఇటుకల గది వేయించింది. రెండో వానాకాలానికి మొదలైంది. రాత్రిళ్ళు నేల కింద గుటకలు. గడియ వేసిన తలుపు తెల్లారేసరికి బార్లా.

"దాహంతో పోయినవాడమ్మా, పాపం, కాసిని నీళ్ళు పొయ్యి," అన్నారు పెద్దవాళ్ళు. ముఖం కడిగిన నీళ్ళు గాడిదకు పెట్టుకునే ఊరు మాది. అయినా ప్రతి అమావాస్యకూ పున్నమికీ లామెయ్ ఆ మూల బయట కడవెడు నీళ్ళు కుమ్మరించేది. పోసినవి పోసినట్టే మాయం! నేల మీద తడి కూడా మిగిలేది కాదు.

ఆ గదికి పునాది కొట్టింది మాన్‌తున్ మేస్త్రి. ముప్ఫై ఏళ్ళుగా దిమ్మిస పట్టిన చెయ్యి. ఆయన కొట్టిన నేల మీద గుడ్డు నిలబెట్టొచ్చని పేరు. ఆ పేరే ఆయన ఆస్తి.

ఒక ఏడు ముసురు తొమ్మిది రోజులు పట్టింది. లామెయ్ గొడుగేసుకుని ఆయన ఇంటికొచ్చింది.

"మాన్‌తున్ అన్నా, రేపు కోడలు పుట్టింటి నుంచి వస్తోంది. నెల నిండిన పసివాడు... ఆ గదిలోనే పడుకోవాలి. ఈ ఒక్క రాత్రీ అక్కడుండి నీ దిమ్మిస పాట పాడు. ఆ పాటకు దెయ్యాలు నిలవవంటారు."

"నా పాటకు దెయ్యాలేం ఖర్మ, కూలోళ్ళే నిలవరు."

"అందుకేగా పిలిచింది! నీ గొంతు వింటే మా గాడిదే తాడు తెంపుకుంటుంది."

నవ్వుకుంటూ వెళ్ళాడు మాన్‌తున్. రొట్టె తిన్నాడు. కింద నిప్పు పెట్టి వెచ్చబరిచిన మట్టి మంచమెక్కి కాళ్ళు చాపుకున్నాడు. గడియ బిగించాడు. "ఎత్తరా — హైసా! దించరా — హైసా!" అని అందుకున్నాడు.

ఊపిరి కోసం ఆగాడు...

గుటుక్.

మంచం కింద నుంచి. మళ్ళీ — గుటుక్... గుటుక్...

అప్పుడు గడియ కిర్రుమంది. ఎవరూ ముట్టుకోలేదు. దానంతటది... కొంచెం కొంచెంగా... జరిగి ఊడింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ఎవరూ లేరు. ఒట్టి వాన.

ఉలికిపాటుకు, రొట్టెలో నంజుకోగా చేతిలో మిగిలిన వెల్లుల్లి గడ్డ జారిపడింది. పడినచోట ఆగలేదు. దొర్లింది... దొర్లి దొర్లి ఈశాన్యం మూలకు పోయి నిలిచింది.

ఆ భయంలోనూ మేస్త్రి కళ్ళు మేస్త్రి కళ్ళే. తలుపును ఎవరో తీయలేదు. ద్వారబంధమే ఒరిగింది. నేలే వాలింది!

అప్పుడు ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చింది.

మా నేలలో అడుగడుగునా పాత సమాధులు. పునాదికి ముందు పొడుగాటి గొట్టపు పారతో సన్నటి గుంతలు లోతుగా దించి, కింద బోలు ఉందేమో చూడాలి. చూశాక ప్రతి గుంతనూ సున్నం కలిపిన మట్టితో నింపి కొట్టాలి. ఎందుకంటే మా పసుపుమట్టి ఎండితే రాయి, తడిస్తే నీళ్ళు పడ్డ బెల్లం దిమ్మ. పైకి నిలబడ్డట్టే ఉండి ఉన్నట్టుండి కూలబడుతుంది.

ఈ గది పునాది రోజు ఆఖరి గుంత దగ్గర ఉండగా తిండికి కేక వచ్చింది. తిన్నాక పూడ్చుదామని పైన ఇటుక పెట్టాడు. మాంసం పులుసు, సారా... ఆ తర్వాత?

లాంతరు పట్టుకుని బయటికి పరిగెత్తాడు. చూరు నీళ్ళన్నీ ఆ మూలకే పోతున్నాయి. బురద గోకాడు. ఇటుక తగిలింది. ఎత్తాడు —

నల్లటి నోరు!

దారానికి కట్టిన తూకం గుండు దింపాడు. ఇద్దరు మనుషుల లోతు తవ్విన గుంత అది. దారం పోయింది... పోయింది... మొత్తం అయిపోయింది. అడుగు తగల్లేదు.

"అన్నా..." వెనకాల గుసగుస. లామెయ్. "కనబడిందా? ఎవరది?"

తరిమేశానని ఒక్క మాటంటే చాలు. తెల్లారి గుట్టుగా పూడ్చుకోవచ్చు. పేరు పేరుగానే ఉంటుంది. కానీ రేపు రాత్రి ఆ మంచం మీద పసివాడు...

"నేనే," అన్నాడు.

"ఆఁ?"

"ఆ దాహం దెయ్యం నేనే చెల్లెమ్మా! పూడ్చకుండా వదిలేసిన గుంత. నువ్వు పోసిన ప్రతి కడవా పునాది కిందికే —"

నేల లోపల నుంచి గుటక కాదు, పొడుగాటి నిట్టూర్పు వచ్చింది. లామెయ్ ఆయన చొక్కా పట్టి వెనక్కి ఈడ్చింది. వాళ్ళ కళ్ళ ముందే ఆ మూల మోకాళ్ళు విరిగినట్టు కూలబడింది. గోడ లోపలికి పడింది. సరిగ్గా మట్టి మంచం మీద.

దుమ్ము కూడా లేవలేదు, అంత తడి.

లామెయ్ ఆయన చొక్కా వదిలింది. "తెల్లారేలోగా కోడలికి రావద్దని కబురు అందాలి. నువ్వే పో," అంది.

పోయాడు. ఆ తర్వాతి వసంతమంతా ఆ గది తిరిగి కట్టాడు, పైసా ముట్టకుండా. ప్రతి గుంతనూ ఊరి జనాన్ని పిలిచి, అందరూ చూస్తుండగా పూడ్చాడు. పూడ్చిన ప్రతిసారీ లామెయ్, చంకలో మనవణ్ణేసుకుని, గిన్నెడు నీళ్ళు అందించేది.

"తాగు, దాహం దెయ్యమా. నా కళ్ళెదురుగా, అడుగంటా తాగు."