మాట పూర్తయ్యేదాకా

నెయ్యి చెంచా కనిపించడం లేదని కామేశంగారింట్లో పొద్దున్నే గొడవ మొదలైంది.

"నిన్న తిని ఏడ పడేశారో ఏందో!" అంది వెంకటలక్ష్మి.

"నేనెందుకు పడేస్తానే? నువ్వే ఏ డబ్బాలోనో దోపి ఉంటావు" అన్నాడు కామేశం.

మధ్యలో కూర్చున్న మనవరాలు సాయిసాత్విక నోరు తెరిచింది. "తా... తా..."

"తాగటానికి నీళ్ళా?" అంది నాయనమ్మ.

"తాళాలు నా దగ్గరున్నాయిలేమ్మా. పద, బడికి టైమైంది" అని బాబాయి యోగేశ్ సంచీ తగిలించాడు.

పాప నోరు మూసుకుంది.

ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. నరసరావుపేటలో కిరాణా కొట్టు వాళ్ళది. మనిషి "కంది..." అనేలోపే పప్పు కాటాలో పడాలి. అందులో యోగేశ్ తండ్రిని మించినవాడు.

పాప బడికి ప్రతి మంగళవారం స్పీచ్ థెరపిస్ట్ మాధురి వస్తుంది. నాదెండ్ల అమ్మాయి. యోగేశ్‌కీ ఆమెకీ పరిచయమైందే పేచీతో.

"నీకేమంటే ఇష్టం?" అని ఆమె పాపని అడిగింది.

"చాక్లెట్లు మేడమ్" అన్నాడు యోగేశ్.

"ఏ క్లాసు?"

"థర్డ్ మేడమ్."

"మీరే క్లాసండీ?" అంది మాధురి.

యోగేశ్ చెవులు ఎర్రబడ్డాయి. "దానికి నత్తి కదండీ. సాయం చేస్తున్నా."

"ఆ సాయమే మానండి. అన్నీ మీరే చెప్పేస్తుంటే ఇక తనకి మాట్లాడాలని ఎందుకనిపిస్తుంది?"

ఆనాటి నుంచి అతను నోరు తెరవబోతే చాలు, మాధురి ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తేది. ఆ చేతికోసమే మంగళవారాలు కొట్టు వదిలి వస్తున్నానని యోగేశ్‌కి కాస్త ఆలస్యంగా తెలిసింది. కొట్లో కూడా ఆగడం నేర్చుకున్నాడు.

"ఏంది యోగేశూ, వొంట్లో బాలేదా? జీలకర్ర అని నేను పూర్తిగా అనేదాకా నిలబడ్డావు!" అన్నాడు మెకానిక్ హబీబుల్లా.

ఇంతలో కామేశం కారంపూడిలో ఒక సంబంధం మాట్లాడుకొచ్చాడు. ఆ మంగళవారం బడి వదిలే వేళకి వాన పట్టుకుంది. వరండాలో యోగేశ్‌ని చూసి మాధురి గొడుగు విప్పబోతూ ఆగింది.

"మాధురిగారూ, నాన్న నాకు పెళ్ళిచూపులంటున్నాడు. నాకేమో... మీరంటే..."

ఆమె గొడుగు పక్కన పెట్టి నిలబడింది. చూరు నుంచి నీళ్ళు ధారకట్టాయి.

"కొంచెం అందుకోవచ్చుగా?" అన్నాడు దీనంగా.

"నేనెవరి మాటా అందుకోను. అది నా ఉద్యోగం కాదు." పెదవులు బిగించే ఉన్నాయి కానీ కళ్ళు నవ్వుతున్నాయి.

"మీరంటే ఇష్టం. పెళ్ళి చేసుకుందామా?"

"నాకిష్టమే. కానీ ముందు మీ ఇంట్లో చెప్పండి. మీ నోటితోనే."

అదే వచ్చిన చిక్కు. ఆ ఇంట్లో తన మాట పూర్తి చేసుకోవడం ఎలాగో యోగేశ్‌కీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు.

"వచ్చే ఆదివారం కారంపూడి పోతన్నాం, పిల్లని చూడ్డానికి" అన్నాడు కామేశం.

"నాన్నా, నేను..."

"కొత్త చొక్కా కొనుక్కోలే" అన్నాడు తండ్రి.

"అది కాదు, నాకు..."

"ఉప్పా?" అంది తల్లి.

యోగేశ్ తలొంచుకుని అన్నం కెలికాడు. అప్పుడు సాత్విక ఎంగిలి చెయ్యి ఎత్తి, అరచెయ్యి అందరికీ చూపించింది.

"నా... నాయనమ్మా, ఆగు. బా... బాబాయిని చె... చెప్పనియ్యి."

అంత పొడుగు మాట ఆ పిల్ల నోట ఆ ఇంట్లో ఎవరూ అంతవరకూ వినలేదు.

"బడిలో పాపకి మాటలు నేర్పే మాధురిని చేసుకుంటాను. నాదెండ్ల వాళ్ళు. ఆమెకీ ఇష్టమే" అన్నాడు యోగేశ్.

వెంకటలక్ష్మి ఏదో అనబోయింది. పాప చెయ్యి ఇంకా దిగలేదు.

"ఆ... ఆ రోజు పోయిన నెయ్యి చెంచా తా... తాతయ్య కొట్టుకి తీసుకెళ్ళాడు. యా... యాలకుల డబ్బాలో ఉంది."

ఎవరూ అందుకోలేదు. వెంకటలక్ష్మి మొగుడి వైపు నిదానంగా తిరిగింది.

కామేశం గొంతు సవరించుకున్నాడు.

"కారంపూడి వద్దులే" అన్నాడు, మనవరాలి మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆదివారం నాదెండ్ల పోదాం. మన తరఫున మాట్లాడేది మాత్రం ఈ పిల్లే."