వన్స్ మోర్ అన్నవాళ్ళు

సత్తిరాజు మాస్టారి క్లాసులో మొదటి వారం పద్నాలుగు మంది పిల్లలున్నారు. పద్యనాటకం నేర్పుతాను, ఫీజు అక్కర్లేదు, వస్తే చాలు అంటూ కలిదిండి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగి పోగేసిన పిల్లలు వాళ్ళు. కిరీటాలు పెట్టి ఫొటోలు తీసినన్నాళ్ళూ అందరూ వచ్చారు. రాగం దగ్గరికి వచ్చేసరికి ఒకడికి ట్యూషన్, ఒకత్తెకి జలుబు, ఇద్దరికి క్రికెట్. అక్టోబరు నాటికి ఇందుజ ఒక్కత్తే మిగిలింది.

పదమూడేళ్ళ పిల్ల. ఊరవతల రొయ్యల చెరువు గట్టు మీద చిన్న ఇల్లు వాళ్ళది. సన్నగా, ఊదితే పడిపోయేలా ఉంటుంది గానీ, గొంతెత్తిందంటే మాస్టారు హార్మోనియం మెట్లు మరిచిపోయేవాడు. వచ్చే ఆదివారం ఏలూరులో పిల్లల నాటక పోటీలు. అందులో ఇందుజ నిలబడితే మిగతా పిల్లలు మళ్ళీ వస్తారు. లేకపోతే క్లాసు జరిగే ఈ నాటకాల హాలుని చేపల మేత గోడౌనుకి ఇచ్చేస్తామని హాలు కమిటీ వాళ్ళు మొహం మీదే చెప్పేశారు. అదే జరిగితే మాస్టారికి పలకరించే దిక్కుండదు. భార్య పోయి నాలుగేళ్ళు. ఈ రెండు గంటల క్లాసులో తప్ప రోజు మొత్తం మీద ఆయన నోరు విప్పే పని లేదు.

కొల్లేటి అంచున ఆ రేకుల హాలు కట్టి అరవై ఏళ్ళు దాటింది. ఒకప్పుడు లంకల నుంచి జనం దోనెల్లో వచ్చి నాటకాలు చూసేవారు. నాటకం చూసి తిరిగి ఇల్లు చేరని దోనెలూ ఉన్నాయి. కుర్చీలు మూతపడ్డ సినిమాహాలు నుంచి తెచ్చినవి. మనిషి లేస్తే సీటు దానంతటదే పైకి మడుచుకుంటుంది. ఇప్పుడు ఆ రెండు వందల సీట్లూ ఎప్పుడూ మడుచుకునే ఉంటాయి.

ఆ సాయంత్రం ఐదింటికే చీకటి కమ్ముకొచ్చింది. జల్లు లోపలికి కొడుతోందని మాస్టారు పెద్ద తలుపు మూసి గడియ పెట్టాడు. ఇందుజ స్టేజీ మధ్యలో నిలబడింది. నాటకం మాస్టారు సొంతంగా రాసుకున్నది. అడవిలో తప్పిపోయిన రాకుమారి పద్యం అది. చివరి పాదం దగ్గర చేతులు చాపి, రాగం తీసి అడగాలి.

"ఎవ్వరైన నున్నారొ నాకిచట తోడు..."

సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. బయట చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. రాత్రీ పగలూ చెవుల్లో హోరెత్తే ఆ చప్పుడు ఆగేసరికి లోకం బోసిపోయినట్టయింది. ఇందుజ మాత్రం ఆగలేదు. చీకట్లోనే రాగం పూర్తి చేసింది.

వెనక వరసల్లోంచి ఎవరో మెల్లగా అన్నారు.

"వన్స్ మోర్."

మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. ఆ మాట కోసం ఆయన మొహం వాచి ఎన్నేళ్ళయిందో! వానకి ఎవరో లోపల తలదాచుకున్నారనుకున్నాడు. ఎటు నుంచి వచ్చారని ఆలోచించలేదు. ఆ మాట విన్న నటుడికి ఆలోచనెక్కడిది?

"విన్నావా ఇందూ? నీకే అమ్మా! ఊఁ, అందుకో."

మొదటి రోజు ఆయన నేర్పింది పద్యం కాదు, పద్ధతి. వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడి తీరాలి. కాదంటే స్టేజీని అవమానించినట్టే. ఇందుజ మళ్ళీ పాడింది. ఈసారి నాలుగైదు గొంతులు అడిగాయి. అందులో ఒక ఆడగొంతు కూడా ఉంది. మూడోసారి పాడింది... నాలుగోసారి... గొంతులు పెరుగుతున్నాయి. వరస వరసా దాటుకుని ముందుకొస్తున్నాయి. చుట్టకంపు వచ్చింది. దాని వెనకే పాచి వాసన. నీళ్ళలో చాలాకాలం నానిన బట్టల వాసన.

అప్పుడు గుర్తొచ్చింది మాస్టారికి. తలుపు గడియ తనే పెట్టాడు.

ఏడోసారికి ఇందుజ గొంతు చీరుకుపోయింది.

"చాలు తల్లీ... ఆపెయ్" అని గొణిగాడు.

"ఆపకూడదన్నారు కదండీ."

"నేనే చెబుతున్నాను, ఆపు."

"మాస్టారండీ..." ఆ పిల్ల వినపడీ వినపడకుండా అంది. "వాళ్ళు ఇంకా కూర్చునే ఉన్నారండి."

ఫోను లైటు వేశాడు. హాల్లో ఎవరూ లేరు. ఒక్క మనిషి లేడు... కానీ ముందు వరస సీట్లన్నీ కిందికి దిగి ఉన్నాయి. రెండో వరసా అంతే. లైటు అందినంత మేరా ఒక్క సీటు కూడా మడుచుకుని లేదు. సీట్ల కింద గచ్చు మీద బొట్టు... బొట్టుగా... నీళ్ళు.

మాస్టారికి ఇల్లు చేరని దోనెలు గుర్తొచ్చాయి. పేరాశపడి పిల్లని ఎవరి ముందు నిలబెట్టాడో తెలిసింది. దాన్ని స్టేజీ వెనక తలుపు దాకా లాక్కెళ్ళాడు.

"సైకిలెక్కి ఇంటికి పో. వెనక్కి చూడకు."

"మరి మీరండీ?"

"వీళ్ళకి పద్యం కావాలి. నేను పాడతాను."

వెనక్కి వచ్చి హార్మోనియం ముందు కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా అలా పాడలేదు. ఊపిరి ఉన్నదంతా పెట్టి, పిల్ల ఇల్లు చేరే దాకా సాగదీయాలని రాగం మీద రాగం తీశాడు. చివరి పాదం పూర్తి చేసి చీకట్లోకి చూశాడు.

ఎవరూ అడగలేదు.

అంత భయంలోనూ ఆయనకి మనసు చివుక్కుమంది. నన్ను కూడా ఒక్కసారి అడగొచ్చు కదా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది.

అంతలో ముందు వరసలో ఒక సీటు మడుచుకుంది. టప్. దాని పక్కది. టప్... టప్... వరస తర్వాత వరస, హాలంతా లేచింది. తడి అడుగులు స్టేజీ ఎక్కాయి. ఆయనకి అటూ ఇటూ చల్లగా రాసుకుంటూ, ఆయన్ని ఎవరూ పట్టించుకోకుండా, వెనక తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాయి.

పిల్ల వెళ్ళిన దారినే.

మాస్టారు వానలోకి పరుగెత్తాడు. గట్టు మీద బురద. రెండు చోట్ల పడ్డాడు. పావుగంటకి గానీ ఫోను కలవలేదు. ఇందుజ తల్లి శ్రీదుర్గ ఎత్తింది.

"ఆఁ మాస్టారండీ, వచ్చేసిందండి."

మాస్టారు నడిగట్టు మీద కూలబడ్డాడు. "అమ్మయ్య... తలుపేసుకోమ్మా. ఎవర్నీ రానీకు."

"అదేంటండీ? మీరే కదండీ తోడు పంపారు? దాని వెనకాలే వచ్చారండి. పాపం తడిసి ముద్దయిపోయారు. వరండా చాలక గట్టు మీద కూడా కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే గ్లాసులు పట్టుకున్నారు గానీ ఒక్కరూ తాగట్లేదండి."

"శ్రీదుర్గా... ఫోను ఇందుకివ్వు. ఇప్పుడే ఇవ్వు."

"ఇప్పుడెలాగండీ, మధ్యలో ఆపకూడదంట కదా. పాడుతోందిగా, వినపడట్లేదా అండీ? ఉండండి, దగ్గరగా పెడతాను."

మాస్టారు ఫోను చెవికి నొక్కి పట్టుకున్నాడు. రేకు మీద వాన పడుతున్న చప్పుడు. శ్రీదుర్గ ఊపిరి తీస్తున్న చప్పుడు. చాలాసేపు విన్నాడు. అటు నుంచి ఇందుజ గొంతు మాత్రం లేదు.

"ఈ పద్యం ఎప్పుడు నేర్పారండీ?" అంది శ్రీదుర్గ మురిసిపోతూ. "ఎప్పుడూ వినలేదు."