పచ్చగా మెరిసిన తలుపు

తలాయ్ తల పగిలిపోయింది. సర్వర్ రూమ్ నేలంతా నెత్తురు. పక్కనే ఇనుప రాడ్డు.

శవాన్ని స్ట్రెచర్ మీద బయటికి మోస్తున్నారు. సర్వర్ రూమ్ తలుపు బార్లా తెరిచి ఉంది.

బిష్కెక్ క్రైమ్ బ్రాంచ్ కెప్టెన్ బేగాయిమ్ కంట్రోల్ రూమ్‌లోకి వచ్చింది. అక్కడ బేడీలతో జిల్దిజ్. చనిపోయినవాడి సొంత చెల్లెలు. రెండు చేతులకీ నెత్తురే.

"లేపబోయానక్కా! తినడానికి తెచ్చిన సమ్సాలు చల్లారిపోతున్నాయి రమ్మని పిలుస్తూ వచ్చా. చూస్తే ఇలా..."

"ఏం నాటకం!" షిఫ్ట్ ఇన్‌చార్జి ఎర్మెక్ ఈసడించాడు. "లోపలున్నది వీళ్లిద్దరే మేడమ్. ఆ స్క్రీన్ చూడండి. 'సర్వర్ రూమ్ తలుపు మూసి ఉంది.' పొద్దున వీళ్లు లోపలికెళ్లినప్పటి నుంచీ పచ్చగానే ఉంది. తెరిస్తే ఎర్రబడుతుంది. బయటివాడు ఆకాశం నుంచి ఊడిపడ్డాడా?"

"నీకేం వినపడలేదా?" అంది బేగాయిమ్ జిల్దిజ్‌తో.

"సర్వర్ల వెనక వరసలో కేబుళ్లు కడుతున్నానక్కా. ఆ ఫ్యాన్ల హోరులో పిడుగు పడ్డా వినపడదు."

బేగాయిమ్ స్క్రీన్ చూసింది. అద్దం కిటికీలోంచి వరండా వైపు, ఆ తలుపు చూసింది. మళ్లీ స్క్రీన్ చూసింది.

"ఎర్మెక్ గారూ, ఆ తలుపు ఇప్పుడెలా ఉంది?"

"తెరిచి ఉంది."

"మరి స్క్రీన్ మీద?"

పచ్చగానే ఉంది.

జిల్దిజ్ దిగ్గున లేచింది. "అక్కా, అది ప్యాసివ్ చెక్! స్క్రీన్ తనంతట తాను అడగదు. తెరిచారో మూశారో తలుపు పక్కనున్న సెన్సర్ పెట్టె దానికి కబురు పంపాలి. పంపకపోతే చివరి కబురే అలా ఉండిపోతుంది."

"పాతబడితే తెలియదా?"

"ఐదు నిమిషాలు కబురు రాకపోతే ఎర్రబడే ఏర్పాటుంది. నిన్న ఎర్మెకన్నే తీసేశాడు. ఊరికే మోగి ప్రాణం తీస్తోందన్నాడు. మేమూ పీడా పోయిందనుకున్నాం!"

కానిస్టేబుల్ పరుగున వచ్చాడు. "మేడమ్, వరండాలో తలుపు పక్కనున్న ఆ పెట్టెలో వైరు పీకేసి ఉంది. తాళం మాత్రం పగల్లేదు."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

అందరి చూపులూ ఎర్మెక్ నడుముకి వేలాడుతున్న గుత్తి మీద పడ్డాయి.

మరుక్షణం వాడు కట్టర్ లాగి జిల్దిజ్ గొంతు మీద పెట్టాడు. "నేను డిస్కులు దొంగిలించానని ఊరంతా చాటుతానన్నాడు ఆ తలాయ్! ఏం చెయ్యమంటారు? కదిలారంటే దీన్నీ..."

బేగాయిమ్ బల్ల మీద మరుగుతున్న టీ కెటిల్ అందుకుని వాడి మొహాన కొట్టింది. మరిగే నీళ్లు. వాడు పెడబొబ్బలు పెడుతూ కూలాడు. మోకాలితో వాడి వీపు తొక్కిపట్టి, జిల్దిజ్ బేడీలు విప్పి వాడికే వేసింది.

పెట్టెను ఫోటోలు తీశాక కానిస్టేబుల్ వైరు తగిలించాడు.

స్క్రీన్ ఎర్రబడింది. 'సర్వర్ రూమ్ తలుపు తెరిచి ఉంది.'

"ఇప్పుడా చెప్పేది?" జిల్దిజ్ రెండు చేతులతో స్క్రీన్‌ని బాదింది. "మా అన్న పోయాక ఇప్పుడా?"

స్క్రీన్ అద్దం మీద నెత్తుటి చేతుల అచ్చులు పడ్డాయి. బేగాయిమ్ ఆమెను ఆపలేదు.