పొలమారిన మధ్యాహ్నం

"గుటక వెయ్యండి," అంది దమయంతి.

ఆ ఇంటాయన కళ్లు మూసుకుని గుటక వేశాడు. మెడకు ఆనించిన పలక మీద మింగుడు రేఖ లేచి, వంగి, పచ్చగా చదునైంది. గొంతులో అమర్చిన పై కవాటం సరిగ్గానే తెరుచుకుని మూసుకుంది. కడుపులోంచి పుల్లటి నీరు పైకి బయలుదేరిన జాడ కనబడగానే కింది కవాటం దానంతటదే బిగుసుకుంది. ఆ సంగతి ఆయనకు తెలియనే తెలియదు. ఛాతీ మంటంటే ఏమిటో ఈ ఊళ్లో ఇప్పుడు ముసలివాళ్లకే గుర్తు.

"తిన్న వెంటనే పడుకోవడం లేదుగా?"

"కవాటం ఉండగా ఇంకా ఆ పథ్యాలెందుకండీ?" అని నవ్వాడాయన.

దమయంతి పలక తుడిచి సంచిలో పెట్టుకుని పడవెక్కింది. కాకినాడ పాతపేటల్లో వీధులన్నీ కాలువలై చాలాకాలమైంది. పొలాల్లోకి ఉప్పునీరు వచ్చాక జనానికి మిగిలింది తొట్లలో పండించే తొట్టిధాన్యం. ఆకలి తీర్చింది గానీ అది కడుపుల్ని నిప్పుల కుంపట్లు చేసింది. నిద్రలో కడుపులోని పులుపు గొంతుకెక్కి, ఊపిరితిత్తుల్లోకి దిగి, ఇంటికొకరు దగ్గుతూ పోయారు. అప్పుడొచ్చాయి కవాటాలు. వాటి వల్లే ఊరు బతికింది, ఆ మాట ఒప్పుకోవాలి. బతికించినవాడికి పెత్తనం కూడా అప్పగించడం మనవాళ్లకు మామూలే కాబట్టి, ఎవరి గొంతులోకి ఏది దిగాలో చెప్పే అధికారం నిర్ణేత చేతికి పోయింది. నిర్ణేత మనిషి కాదు. పలకలోంచి వచ్చే గొంతు, అంతే.

తరవాతి ఇల్లు మంగతాయారుది. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది, మింగుడు తడబడింది. ఇంతకుముందు పరీక్షల్లో తప్పింది. ఈసారీ తప్పితే మూతే. మూత పడ్డ కవాటం కండలో కలిసిపోతుంది, మళ్లీ తెరవడమంటూ ఉండదు. ఆపైన పొట్టలోకి గొట్టం, గొట్టంలో జావ.

గుమ్మంలోనే ఆమె మొగుడు సత్తిరాజు ఎదురొచ్చాడు.

"రండమ్మా. అసలు బియ్యం దొరికాయండి, గుప్పెడు. మెత్తగా వండి ముద్దపప్పు కలిపానండి. పరీక్షయ్యాక ఒక్క ముద్ద..."

"ముందు పరీక్ష కానివ్వండి బాబాయిగారూ."

మంగతాయారు కుర్చీలో ఒరిగి కూర్చుని ఉంది. కళ్లు మాత్రం కంచం మీద ఉన్నాయి. దమయంతి పలక ఆనించి, నీళ్లలా పల్చటి పరీక్షద్రవం ఆమె నోట్లో పోసింది. రేఖ లేచింది, వణికింది, చిక్కుపడింది. మంగతాయారు దగ్గసాగింది.

సత్తిరాజు గబుక్కున వెళ్లి ఆమె నడినెత్తిన తట్టాడు. "ఎవరో తలుచుకుంటున్నారే నిన్ను!"

"ఎవరున్నారు... నువ్వు తప్ప," అంది ఆమె వంకర పెదవులతో.

"పొలమారింది," అంది నిర్ణేత. "విఫలం. మూత వేయండి."

దమయంతి ఎర్రబడ్డ రేఖనే చూసింది. ఆమెకు ఎన్నడూ పొలమారలేదు. పసితనంలోనే కవాటం పెట్టారు. ఆమె లెక్కలో పొలమారడమంటే పలక మీద ఒక ఎర్రగీత.

"నీళ్లలాంటిది పోస్తే దగ్గొచ్చిందండి," సత్తిరాజు చేతులు జోడించాడు. "ముద్ద పెట్టి చూడండమ్మా. ఒక్కటి."

"అది ఊపిరితిత్తుల్లోకి పోతే?"

ఆయన జోడించిన చేతులు దించేశాడు. ఆ భయం ఆయనకూ ఉంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మూత వేస్తే మంగతాయారు బతుకుతుంది, అన్నం రుచి లేకుండా. తెరిస్తే ఏమవుతుందో దమయంతికి నిజంగా తెలియదు.

"నా గొంతమ్మా అది," అంది మంగతాయారు మెల్లగా.

దమయంతి పలకకున్న తాళం తిప్పి, కవాటాన్ని నిర్ణేత నుంచి తన చేతి కిందికి తెచ్చుకుని తెరిచింది. సత్తిరాజు గోరంత ముద్ద చేసి పెళ్లాం నోట్లో పెట్టాడు. ఆమె చాలాసేపు నమిలింది. మింగింది. ఉన్నట్టుండి మొహం కందిపోయింది, కళ్లు పైకి తేలాయి. దమయంతి చేతుల్లో పలక ఉంది, సంచిలో సరంజామా అంతా ఉంది, ఒక్కటీ పనికిరాలేదు. చేసిన పాపం కళ్లముందు కనబడుతుంటే నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయింది. సత్తిరాజు పెళ్లాన్ని ముందుకు వంచి పట్టుకున్నాడు. ఒక దగ్గు, ఇంకో దగ్గు. గళ్లతోపాటు అడ్డుపడ్డ మెతుకు బయటికొచ్చి పడింది. ఊపిరి అందింది. మిగిలింది ఆమె మళ్లీ మింగింది. ఈసారి దిగింది.

"ఉప్పేశావా అసలు?" అంది మొగుణ్ణి.

సత్తిరాజు ఏడ్చేశాడు.

"విఫలం. మూత వేయండి," అంది నిర్ణేత మళ్లీ.

పలక మూలన బూడిదరంగు మీట ఒకటుంది, అభ్యంతరం. ఎవరూ నొక్కగా దమయంతి చూడలేదు. నొక్కితే విచారణ తేలేదాకా ఊళ్లో మూతలన్నీ ఆగుతాయి. నొక్కినవాళ్ల కవాటాలకు మాత్రం నిర్ణేత కాపలా ఆ క్షణమే తీసేస్తుంది. శిక్షణలో ఈ రెండో సంగతే గట్టిగా చెప్పారు.

ఆమె నొక్కింది.

"కారణం?"

"ఆవిడ దగ్గింది. దగ్గి బయటపడింది. ఆ దగ్గునే మీరు తప్పంటున్నారు."

పలక మీద అభ్యంతరం వెలిగింది. దమయంతి లోపల కవాటం వదులైంది. పొట్టలోంచి పుల్లటి మంట పాకుతూ ఛాతీ దాటి గొంతుకెక్కింది. ఎలా ఆపాలో ఆమెకు తెలియదు, ఎవరూ నేర్పలేదు. భయంతో కింద కూర్చుని కుర్చీకోడు పట్టుకుని, జీవితంలో మొదటిసారి, ఊపిరాడక దగ్గింది. ఇక రోజూ ఇంతేనేమో. విచారణ తేలాక మరో పరీక్షకురాలు వచ్చి మూత వేసి పోదని నమ్మకమూ లేదు.

నెత్తి మీద ఎవరో తట్టారు. మంగతాయారు, పనిచేసే ఒక్క చేత్తో.

"ఎవరో తలుచుకుంటున్నారమ్మా నిన్ను."

పలక మీద ఇంకో పరీక్షకురాలి అభ్యంతరం వెలిగింది, కాలువ అవతలి జగన్నాథపురం నుంచి. కాసేపటికి మరొకటి.

"ఎవరంటావు?" అంది మంగతాయారు.

దమయంతి కళ్లు తుడుచుకుంది. "తెలియదండీ," అంది బొంగురు గొంతుతో. "నేనెప్పుడూ చూడనివాళ్లు."