గంజి ఆరేలోగా

కాశిబుగ్గ వీధిలో పొద్దెక్కక ముందే గుండయ్య మగ్గానికి ఎక్కించాల్సిన పడుగు నూలు సాగదీశాడు. ఒక కొస గుంజకు కట్టాడు, రెండో కొస దగ్గర కోడలు సావిత్రి నిలబడింది. నూలుకు గంజి పట్టించాక అది ఆరేలోగా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. ఆగితే పోగులు అంటుకుపోతాయి. నలభై ఏళ్లుగా నేస్తున్న గుండయ్యకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఆ రోజు కుంచె పట్టుకుని నడిమధ్యలో అలాగే నిలబడిపోయాడు.

తప్పంతా రాజేశ్వర్ రావు పంతులుదే అనాలి. హనుమకొండలో ఆయన ప్రతి ఆదివారం తత్వశాస్త్రం పాఠం చెప్తాడు. భార్య పోయిన ఏడాదికి, యాభై ఎనిమిదేళ్ల వయసులో, గుండయ్య అక్కడికి వెళ్లి చాప చివర కూర్చోవడం మొదలుపెట్టాడు. రెండు నెలలైంది. పోగులూ బట్టా ఒకటేనా, రెండా అని మొన్న పంతులు అడిగాడు. ఒకటేనన్నాడు గుండయ్య. ఎట్లా అంటే నోరు పెగల్లేదు. జన్మంతా బట్ట నేసినవాడికి ఇదేం పరీక్షో చూడండి. మిగతావాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు కంటే ప్రశ్నే ఆయన్ని తొలిచేస్తోంది.

సావిత్రి గట్టిగా పిలిచేసరికి మూరెడు పడుగు అట్టకట్టింది. కొడుకు మొగిలయ్య అప్పటికే మిల్లుకు వెళ్లిపోయాడు. మామా కోడలూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కో పోగూ విడదీయసాగారు. నాలుగు పోగులు తెగాక ఆమె నోరు విప్పింది.

"ఇగ ఆ పాఠానికి పోకు మామా."

నూలు పాడైనందుకే అనుకుని, తెగినవన్నీ తానే అతుకుతానన్నాడు గుండయ్య. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పోగులు తెగితే అతుక్కుంటం. మా నాయిన గిట్లనే తత్వం తత్వం అనుకుంట తిరిగిండు. ఒకనాడు చెంబు పట్టుకొని పోయిండు, మల్ల రాలే. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. నువ్వు గూడ పోతవేమోనని నాకు బుగులు."

గుండయ్యకు అప్పుడర్థమైంది. ప్రతి ఆదివారం ఆయన తిరిగొచ్చేదాకా ఆమె గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ ఉంటుంది. ఎన్ని బియ్యం ఏరతావమ్మా అని ఎన్నోసార్లు వేళాకోళం చేశాడు కూడా. ఇంట్లో మనిషి మనసు తెలుసుకోలేనివాడికి ఏం తత్వం అబ్బుతుందని తనను తానే తిట్టుకున్నాడు. ఆ పాఠమంటే ఆయనకు ప్రాణం. అయినా మానేస్తానని చెప్పేశాడు.

ఇద్దరూ మళ్లీ పోగులు విడదీయసాగారు. చివరికి సావిత్రే, ఇంత పరాకు పడేట్టు పంతులు ఏమడిగాడని అంది. గుండయ్య చెప్పాడు. ఆమె తన చేతిలో ఉన్న పోగును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒకటెట్లయితది? పోగులు సుట్టుకొని బజార్ల తిరుగుతమా? పోనీ రెండందామంటే, పోగులన్ని గుంజేసి బట్ట నా చేతుల పెట్టుమను, ఎట్ల పెడతడో సూస్త."

గుండయ్య చేతిలో పోగు జారిపోయింది. ఇంట్లో ఇంత తెలివి పెట్టుకుని తాను అంత దూరం నడుస్తున్నాడా? నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. వచ్చే ఆదివారం తనతో వచ్చి ఈ మాట ఆమెనే పంతులుకు చెప్పమన్నాడు. తనకు అక్షరం ముక్క రాదని ఆమె వెనక్కి తగ్గింది.

"ఆయన అక్షరాలు అడగలే బిడ్డా, పోగుల సంగతి అడిగిండు."

ఆ ఆదివారం ఇద్దరూ కలిసి నడిచారు. సావిత్రి చాప చివర ఒదిగి కూర్చుని, కొంగు వేలికి చుట్టుకుంటూ, ఆ మాటే చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పంతులు ఆమెను మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు సగం దారి దాకా ఆమె పాఠం గురించే హుషారుగా మాట్లాడింది. తర్వాత ఉన్నట్టుండి నడక ఆపింది.

"మా నాయిన నన్ను గూడ ఎంట తోల్కపోయుంటే, మల్ల ఇంటికొచ్చేటోడేమో మామా."

ఆమె కళ్లు తుడుచుకునేదాకా గుండయ్య పక్కనే నిలబడ్డాడు. తర్వాత ఇద్దరూ ఇంటిదారి పట్టారు.