నక్షత్రాల కింద ఎర్ర గీత

కొండ మీద ఒక్కసారిగా పట్టపగలైంది.

"ఎవడ్రా లైటేసింది!" కెమెరా దగ్గర్నుంచి లేచి అరిచాడు ఫొటోగ్రాఫర్.

"ఎవడూ కాదు. నేను," అంది రోడ్డు మలుపులో కొత్త స్తంభం కింద నిలబడ్డ అమ్మాయి. నెత్తిన హెల్మెట్, చేతిలో టెస్టర్. కరెంటాఫీసు ఇంజనీరు. "టెస్టింగ్. ఏమైనా అభ్యంతరమా?"

"అభ్యంతరమా! అర నిమిషానికో ఫొటో చొప్పున ముప్పావు గంట నుంచి తీస్తున్నా. అన్నీ కలిపితే నక్షత్రాలు గుండ్రంగా గీతలు గీసినట్టు వస్తాయి. మొత్తం మట్టిలో కలిపారు!"

"రేపు తీసుకోండి."

"రేపట్నుంచి ఇది తెల్లవార్లూ వెలుగుతుందిగా! మూడు నెలలుగా మబ్బులే. నాకు మిగిలింది ఈ ఒక్క రాత్రి."

ఆమెకూ ఒళ్ళు మండింది. "పోయిన నెల ఈ మలుపులో ఇద్దరు బండి మీంచి పడ్డారు. మీ నక్షత్రాలొచ్చి కట్టు కట్టాయా?"

అతను రోజంతా స్టూడియోలో "గడ్డం కొంచెం పైకి" అని ఊళ్ళోవాళ్ళకు చెప్పే మనిషి, తను తలెత్తేది ఈ కొండ మీదే. ఆ మాట చెప్పలేక ట్రైపాడ్ మడవబోయాడు.

లైటు ఆరిపోయింది.

"రెండు గంటలు. అంతే," అంది చీకట్లోంచి, అదే కోపంతో. "ఎవరైనా వస్తే ఆపి, బండి లైటు ఆర్పించి, మలుపు దాటేదాకా నేనే దారి చూపిస్తా. టార్చివ్వండి."

"జాలి చూపించక్కర్లేదు."

"జాలేంటి? మీ అరుపులు భరించలేక!"

వెలుగు తగ్గేలా ఎర్ర కాగితం చుట్టిన టార్చిని విసురుగా ఆమె చేతిలో పెట్టాడు. చలికి ఆ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి. తన మఫ్లర్ తీసి ఇచ్చాడు, అదీ విసురుగానే.

మూడో రోజు పెద్ద ప్రింటు పట్టుకుని ఆఫీసుకొచ్చి, ఆమె టేబుల్ మీద పరిచాడు. ఆకాశం నిండా వెండి వలయాలు. కింద మలుపు పొడవునా ఒక సన్నని ఎర్ర గీత.

"ఇదేంటి?"

"మీరే. రెండు గంటలూ కాలు నిలవదా మీకు? ఫొటో పాడుచేశారు."

"చలేస్తే తిరగరా? కంప్యూటర్లో చెరిపేయండి."

"చెరపొచ్చు."

"మరి?"

"చెరపను!"

పక్క టేబుల్ గుమాస్తా కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆమె ముఖం ఎర్రబడింది. ఈసారి కోపంతో కాదు.

"లైటుకు రేకు టోపీ పెట్టించాను," అంది ప్రింటు మీంచి చూపు తిప్పకుండా. "వెలుగు రోడ్డు దాటి పోదు. మీ కోసమేం కాదు. రూలు."

"ఆ రూలు ఎప్పుడొచ్చింది?"

"మొన్న రాత్రి."

"ఎవరు పెట్టారు?"

"ఇంజనీరుగారు."

"అయితే వచ్చే అమావాస్యకి ఇంజనీరుగారు రోడ్డు మీద తిరగక్కర్లేదు. నా పక్కన కూర్చోవచ్చు."

"అరవకుండా ఉంటారా?"

"ఉండను."

"అయితే వస్తా," అంది. మఫ్లర్ మాత్రం తిరిగివ్వలేదు.