గడియారాల కొట్లో ఎగరబోయినవాడు

ధ్యానమందిరంలో మొదటిరోజే రొట్టెల కుర్రాడు గురక పెట్టాడు. అలాంటిలాంటి గురక కాదు, కిటికీ రెక్కలు వాటంతటవే రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి. పక్క చాపమీది అమ్మాయి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"ఏవండీ, అప్పుడే నిర్వాణమా?"

"సారీ అండీ. తెల్లారకముందే లేచి రొట్టెలు కాల్చాలి. కళ్ళు మూయమనేసరికి..."

"మూయమన్నది కళ్ళు. మీరు కొట్టే కట్టేశారు."

ఆమె తండ్రితో కలిసి గడియారాలు బాగుచేసే కొట్టు నడుపుతోంది. ఆ పోటు తగిలింది డొక్కలోనే అయినా, నొప్పి మాత్రం గుండెకి పట్టుకుంది. రోజూ ఆమె రొట్టె కొనడానికి వచ్చేది. అతని నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఇంతలో ఆమెకి ఆదివారం పెళ్ళిచూపులని, రొట్టెల కొట్టు చూసుకునే అతని మేనత్త చెవిన వేసింది.

కుర్రాడు పరుగున పెద్ద భిక్షువు దగ్గరికి వెళ్ళాడు. ఆయన్ని అందరూ భంతే అంటారు.

"భంతే, కలలో అయితే గడగడా మాట్లాడేస్తున్నాను. తీరా అసలు మాట దగ్గరికొచ్చేసరికి ఆవిడ చేపైపోతోంది."

"అది కల అని అప్పుడే తెలిస్తే?"

"ఇంక భయమెందుకు భంతే!"

భిక్షువు నవ్వాడు. "మాలో కొందరు గురువులు నిద్రని కూడా ధ్యానంగా మార్చుకున్నారు. కలలో ఉండగానే ఇది కల అని ఎరుక. దానికి పగలు సాధన చెయ్యాలి. ఈ కాలం వాళ్ళ కిటుకు ఒకటుంది. గడియారం చూడు, చూపు తిప్పి మళ్ళీ చూడు. టైము ఇష్టమొచ్చినట్టు మారితే కల. కానీ నాయనా, ఇది ప్రేమ మాటలకి రిహార్సల్ కాదు. భయం ఎక్కడ పుడుతోందో చూడ్డానికి."

చివరి మాట కుర్రాడి చెవికెక్కలేదు.

"గడియారాన్ని చూస్తే రొట్టె కాలదురా, పొయ్యి చూడు!" అని మేనత్త మొత్తుకునేది. అయినా సాధన ఫలించింది. ఒక మధ్యాహ్నం కునుకులో టైము గిర్రున తిరిగింది. ఇది కలే అని తెలిసింది. బల్లంత రొట్టెనెక్కి ఇళ్ళకప్పుల మీదుగా హాయిగా ఎగిరాడు.

శనివారం మధ్యాహ్నం మేనత్త అతన్ని నిద్రలేపి గోడగడియారం చేతిలో పెట్టింది. "చూసి చూసి దీన్ని అరగదీశావు. బాగుచేయించుకురా."

బయట చినుకులు. సగం నిద్రలోనే కొట్లో అడుగుపెట్టాడు. ఆమె కంటికి భూతద్దం పెట్టుకుని తలెత్తింది. అతను బెదిరి గోడకేసి చూశాడు, పదింపావు. ఆమెని చూసి మళ్ళీ గోడకేసి చూశాడు, మూడున్నర. ఇంకోసారి చూస్తే ఆరు!

అమ్మయ్య, కల.

"మీరంటే నాకు పిచ్చి ఇష్టం," అన్నాడు దర్జాగా. "రేపు వచ్చేవాళ్ళని వెనక్కి పంపెయ్యండి. ఆగండి, ఎగిరి చూపిస్తాను." స్టూలెక్కి చేతులు చాచి దూకాడు. దబ్బున పడ్డాడు. మోకాలు చీరుకుంది.

"ఏమిటమ్మా ఆ చప్పుడు?" లోపల్నుంచి తండ్రి.

"ఏం లేదు నాన్నా, ఒకాయన ఎగురుతున్నాడు."

మోకాలి మంటకి కుర్రాడి నిద్రమత్తు వదిలింది. అప్పుడు కనిపించాయి, గోడనిండా రిపేరుకొచ్చిన గడియారాలు, దేని టైము దానిదే. "క్షమించండి. కల అనుకున్నాను," అని గొణిగాడు.

ఆమె నవ్వుతూ చెయ్యందించి లేపింది. అంతలోనే నవ్వు ఆగింది. "అంటే... అవన్నీ కలలో మాటలేనా?"

భయం వచ్చింది. పొట్టలో పుట్టి, పొంగిన పిండిలా గొంతు దాకా లేచింది. కుర్రాడు ఈసారి దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అది పోలేదు. కానీ నాలుక కదిలింది.

"కాదండీ. ఇప్పుడు మెలకువలోనే చెబుతున్నాను. మీరంటే నాకిష్టం."

"ఇన్నాళ్ళా? మీ రొట్టెలు కొని కొని మా ఇంటిల్లిపాదీ లావెక్కాం!"

"ముఖ్యంగా నేను," అంటూ తండ్రి బయటికొచ్చాడు. "రేపటివాళ్ళని రావద్దంటాలే బాబూ. మీ అత్తయ్యని రమ్మను."

ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్ళి భిక్షువు ముందు మోకరిల్లారు.

"మీ దయవల్లే భంతే," అన్నాడు కుర్రాడు.

"ఎగిరావా?"

"లేదు భంతే, పడ్డాను."

"మరి లేపిందెవరు?"

కుర్రాడు ఇటు తిరిగి, ఆమెకి కూడా చేతులు జోడించాడు.